ఫ్లైయాష్ ఇటుక: పాళ్లు, తడి, దుమ్ము

నూరు కిలోల మిశ్రమానికి పొడి బూడిద (ఫ్లైయాష్) 60, రాతిపొడి 30, సిమెంట్ 10 కిలోలు. రామగుండం, సింహాద్రి లాంటి థర్మల్ కేంద్రాల్లో ఈఎస్పీ (పొగలోని బూడిదను విద్యుత్తుతో లాగే యంత్రం) పట్టే సన్న బూడిదే తెచ్చుకోండి. కేంద్రం నీళ్లతో కలిపి చెరువులోకి వదిలే బూడిదలో గరుకు ఎక్కువ, ఇటుకకు బలం తక్కువ.

పాన్ మిక్సర్‌లో ముందు పొడిగా కలిపి, తర్వాతే నీళ్లు చిలకరించాలి. గుప్పిట్లో నొక్కితే ముద్ద నిలవాలి, వేళ్ల సందుల్లోంచి నీరు కారకూడదు. నీళ్లు ఎక్కువైతే అచ్చు విప్పగానే ఇటుక జారుతుంది, తక్కువైతే మూలలు రాలతాయి. కలిపింది అరగంటలో వాడెయ్యాలి.

ఒకరోజు నీడలో ఆరనిచ్చి కనీసం 14 రోజులు తడపాలి. చాలామంది కక్కుర్తి పడేది ఇక్కడే. సిమెంట్ విడిచిన సున్నంతో బూడిద నిదానంగా కలిసి గట్టిపడుతుంది. తడారితే ఆ పని ఆగిపోతుంది.

బల్కర్ (బూడిద తెచ్చే ట్యాంకర్ లారీ) నుంచి సైలోకి (బూడిద నిల్వచేసే ఎత్తైన ట్యాంకు) బూడిద ఎక్కించే ముందు సైలో బ్యాగ్ ఫిల్టర్ (గాలిని వదిలి దుమ్మును ఆపే గుడ్డ సంచులు) చూడండి. బ్యాగులు మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, పైనున్న వాల్వ్‌లోంచి బూడిద ఎగజిమ్ముతుంది.