హైడ్రోఫోన్ వదిలిన చోటే ఉందనుకోవద్దు

హైడ్రోఫోన్‌ను, అంటే నీటిలో శబ్దాలు వినే మైక్రోఫోన్‌ను, దించగానే మరబోటు సరంగు జీపీఎస్‌లో గుర్తు పెడతాడు. ఆ గుర్తు బోటుది, హైడ్రోఫోన్‌ది కాదు. మేం పనిచేసే విశాఖ తీరంలో అది 60 మీటర్లు దిగి అడుగున కూర్చునేలోపు ప్రవాహం ఎటో లాగేస్తుంది. తర్వాత దానితో డాల్ఫిన్ల జాడ లెక్కగట్టినా, పడవల జాడ లెక్కగట్టినా అన్నింటికీ ఆ తప్పు అంటుకుంటుంది.

అందుకే అది అసలెక్కడుందో ఇలా కనుక్కోండి. బోటు పక్కన గట్టి పైపుకు, రెండు మీటర్ల లోతులో పింగర్ (పింగ్ అనే పొట్టి శబ్దం చేసే పరికరం) కట్టండి. గుర్తు చుట్టూ 80 మీటర్ల దూరంలో నెమ్మదిగా తిరుగుతూ పింగ్ ఇస్తూ ఉండండి. శబ్దం హైడ్రోఫోన్‌కు చేరడానికి 65 మిల్లీసెకన్లు పట్టి, నీటిలో దాని వేగం సెకనుకు 1530 మీటర్లయితే దూరం దాదాపు 100 మీటర్లు. మిల్లీసెకను తప్పితే మీటరున్నర పోతుంది.

చుట్టు పూర్తిగా తిరగాలి, ఇది మాత్రం వదలొద్దు. ఒకే గీతలో వెళ్తే హైడ్రోఫోన్ ఎడమనుందో కుడినుందో తేలదు. చుట్టూ తిరిగితే శబ్ద వేగంలో తప్పు అన్ని వైపులా సమానంగా పడి, స్థానం కదలదు; తప్పంతా లోతులోకి పోతుంది. అందుకే లోతును ప్రెషర్ సెన్సర్‌తో విడిగా కొలవండి. వానల తర్వాత బంగాళాఖాతంలో నదుల నీరు పైన తేలుతుంది కాబట్టి ఉప్పు, ఉష్ణోగ్రత అదే రోజు పై నుంచి అడుగు దాకా కొలిచి వేగం కట్టుకోండి.

ప్రదక్షిణగా ఒక చుట్టు, అప్రదక్షిణగా ఇంకో చుట్టు తిరగండి. నేను మొదట్లో ఒకవైపే తిరిగాను, లెక్క చక్కగా కుదిరింది. మర్నాడు రెండో వైపు తిరిగితే దూరాలన్నీ మూడు మీటర్లకు పైగా మారాయి. జీపీఎస్ యాంటెన్నా బోటు మధ్యలో ఉంది, పింగర్ కుడి అంచున, రెండు మీటర్ల అవతల. ఆ రెండు మీటర్లు నేను లెక్కలో కలపలేదు. టేపుతో కొలిచి, బోటు ముఖం ఎటుందో చూసి కలపండి.

హైడ్రోఫోన్ విన్నది నమోదు చేసే రికార్డర్ గడియారం పది లక్షల్లో ఒక వంతు తప్పు నడిచినా గంటకు 3.6 మిల్లీసెకన్లు, అంటే అయిదు మీటర్లకు పైనే. దించే ముందు, తీశాక జీపీఎస్ సమయంతో పోల్చుకోండి. మిగిలిన గడియారం తేడాను కూడా లీస్ట్ స్క్వేర్స్‌లో, అంటే అన్ని పింగ్‌లకూ కలిపి అతి తక్కువ తప్పుతో స్థానం తేల్చే లెక్కలో, తెలియని సంఖ్యగా పెట్టండి. అది విడిగా తేలాలంటే గుర్తు మీదుగా రెండుసార్లు అడ్డంగా దాటాలి.

చివరగా ఒక్కో పింగ్‌కు కొలిచిన సమయానికీ లెక్కలో వచ్చిన సమయానికీ మిగిలిన తేడా గీసి చూడండి. ఏవైనా పింగ్‌లు మిల్లీసెకనున్నర ఆలస్యంగా కనిపిస్తే రికార్డు తెరిచి ఆ చోటు చూడండి. నీటి ఉపరితలానికి తగిలి వచ్చిన శబ్దం అంతే ఆలస్యంగా వస్తుంది. దానికి ముందు చిన్నగా ఇంకో శిఖరం ఉంటుంది, అసలుది అదే.