వడ్ల కాలంలో రోడ్డు మీద బండి: ఎక్కడ జారుతుంది, ఎందుకు, ఏం చేయాలి

యాసంగి కోతలు ఏప్రిల్, మే నెలల్లో, వానకాలం కోతలు అక్టోబరు ఆఖరు నుంచి సాగుతాయి. ఆ రోజుల్లో పరకాల, నర్సంపేట, హుజూరాబాద్ వైపు ఊళ్లలో సగం రోడ్డు కల్లమైపోతుంది. ఇంటిల్లిపాదీ ఒకే బండి మీద హన్మకొండకు వచ్చిపోయేది కూడా ఆ రోడ్డు మీదే.

సమస్య: వడ్ల మీదికి ఎక్కగానే ముందు చక్రం పక్కకు లాగుతోంది

వడ్ల గింజలు టైరు కింద దొర్లుతాయి, రబ్బరుకు తారు అందదు. అప్పుడు ముందు బ్రేకు గట్టిగా పడితే చక్రం తిరగడం ఆగిపోతుంది, హ్యాండిల్ చేతిలో నిలవదు.

వేగం తగ్గించాల్సింది వడ్లు రాకముందే, ఖాళీ తారు మీద. 20 కిలోమీటర్లకు దింపండి. హ్యాండిల్ తిన్నగా పట్టి, ఎక్సలేటర్ ఒకే తీరుగా ఉంచి, బ్రేకు ముట్టకుండా దాటండి. "వడ్ల మీద వెనక బ్రేకే వాడాలి" అని చెప్తుంటారు. పాత బండికి సరే. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ వరకు ఉన్న కొత్త బండ్లకు సీబీఎస్ (రెండు చక్రాలకూ కలిపి పడే బ్రేకు) గానీ ఏబీఎస్ (బ్రేకు గట్టిగా పట్టినా చక్రం ఆగిపోకుండా చూసేది) గానీ తప్పనిసరి అయింది. సీబీఎస్ ఉన్న స్కూటీకి ఎడమ లీవర్ నొక్కితే రెండు చక్రాలకూ బ్రేకు పడుతుంది. వెనక బ్రేకే కదా అని గట్టిగా పట్టారంటే ముందు చక్రం కూడా జారుతుంది.

సమస్య: రాత్రిపూట వడ్ల కుప్ప దగ్గరికి వచ్చేదాకా కనబడట్లేదు

అన్నిటికన్నా ప్రాణాంతకమైనది ఇదే. కుప్ప మీద నల్ల పరదా, దాని అంచున గాలికి లేవకుండా పెట్టిన బండరాళ్లు. నలుపు మీద పడ్డ వెలుతురు తిరిగి కంటికి రాదు. 60 మీద పోయే బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు నడుస్తుంది. కుప్పను చూసి బ్రేకు మీద చెయ్యి వేసేలోపే ఆ 17 మీటర్లు అయిపోతాయి.

కోతల రోజుల్లో చీకటి పడ్డాక ఊరి రోడ్ల మీద 40 దాటకండి. ఎదురుగా బండి లేనప్పుడు హైబీమ్ వాడండి. పగలు ఏ పక్కన వడ్లు పోశారో వెళ్లేటప్పుడే చూసి పెట్టుకోండి.

రైతన్నలకు ఒక మాట. రోడ్డు మీద ఆరబోయడమే ప్రమాదం. కల్లమో, వడ్లు కొనే ఐకేపీ సెంటరో, బడి మైదానమో అడిగి చూడండి. ఎక్కడా దొరక్క పోయాల్సి వచ్చినా, పొద్దు గూకకముందే ఎత్తి పక్కకు చేర్చండి. రాళ్లు మాత్రం రోడ్డు మీద ఒక్కటి కూడా వదలకండి. పరదా అంచుకు ఇసుక సంచులు చాలు.

సమస్య: బ్రేకు పట్టినా బండి సాగిపోతోంది

డ్రమ్ బ్రేకు అయితే కేబులో రాడ్డో వదులైంది, లేదా షూలు అరిగాయి. వెనక చక్రం దగ్గర ఆ కేబులు లేదా రాడ్డు చివరనున్న నట్టును సగం చుట్టు చొప్పున బిగించండి. పెడల్ 20 నుంచి 30 మిల్లీమీటర్లు దిగాక బ్రేకు పట్టాలి. బిగించాక సెంటర్ స్టాండు వేసి చక్రం తిప్పి చూడండి, రాసుకోకూడదు. బ్రేకు పూర్తిగా నొక్కినప్పుడు డ్రమ్ పక్కనున్న బాణం గీతను తాకితే షూలు మార్చాల్సిందే, ఇంకా బిగించి లాభం లేదు.

డిస్క్ బ్రేకు లీవర్ మెత్తగా దిగుతుంటే పైపులో గాలి చేరింది, లేదా ఆయిల్ పాతబడింది. ఇది మెకానిక్ పని. ఆయిల్ డాట్ 3 నా, డాట్ 4 నా అన్నది బండి మీదున్న బ్రేకు ఆయిల్ డబ్బా మూత మీద రాసి ఉంటుంది, రెండేళ్లకోసారి మార్పించండి. ఇనుము గీసిన చప్పుడు వస్తే ప్యాడ్లు అయిపోయాయి, ఆ రోజే వేయించండి.

సమస్య: ఎదుటివాళ్లంతా మనకే డిప్పర్ కొడుతున్నారు

వెనక మనిషి కూర్చుంటే బండి వెనక్కి కుంగి, లైటు పైకి లేస్తుంది. లోబీమ్ కూడా ఎదుటివాళ్ల కళ్లలో పడుతుంది. హెడ్‌లైట్ స్క్రూతో కిందికి దించండి, వెనక టైరు గాలి స్టిక్కర్ మీద ఇద్దరికి రాసినంత పెట్టండి. మీకే కళ్లు చెదిరితే ఎదుటి లైటును చూడకండి, వేగం తగ్గించి రోడ్డు ఎడమ అంచును పట్టుకుని పోండి. గీతలు పడ్డ హెల్మెట్ అద్దం ఆ వెలుగును ఇంకా చెదరగొడుతుంది, మార్చేయండి.

చున్నీ, కొంగు చక్రంలోకి పోతుంటే శారీ గార్డు తీసేశారేమో చూడండి, మళ్లీ బిగించండి. నాలుగేళ్లలోపు పిల్లలకు నడిపేవారికి కట్టే బెల్టు, పిల్లల హెల్మెట్, గంటకు 40 లోపు వేగం, ఇది కేంద్రం పెట్టిన నిబంధన.

నడిచేవాళ్లకు వెనక బండి తగులుతుందన్న భయం ఉంటే ఫుట్‌పాత్ లేని రోడ్డు మీద కుడి పక్కన, వచ్చే బండ్లకు ఎదురుగా నడవండి. చీకట్లో టార్చి వెలుగు నేల మీదికి పెట్టండి.

ఎవరైనా పడిపోయి ఉంటే మొదట వెనక నుంచి వచ్చే బండ్లను ఆపించి 108 కు చేయండి. ఊపిరి ఆడుతుంటే హెల్మెట్ లాగకండి, మెడ కదపకండి. రక్తం కారే చోట శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టండి. సాయం చేసినవాళ్లను పేరు చెప్పమని బలవంతపెట్టకూడదని మోటారు వాహనాల చట్టం 134ఎ సెక్షన్ కింద పెట్టిన నిబంధనలు చెప్తున్నాయి. 2025 మేలో వచ్చిన కేంద్ర పథకం కింద, గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల దాకా, లక్షన్నర రూపాయల వరకు నగదు కట్టకుండా వైద్యం చేస్తారు. ఆసుపత్రి కౌంటర్‌లో ఆ పథకం సంగతి ముందే అడగండి.