అలాయ్స్ మార్చాక కారు గరగరమంటోందా? తప్పు ఏ అంకెలో ఉందో చూద్దాం

కారుకు పెద్ద అలాయ్స్, అంటే మిశ్రమ లోహపు రిమ్ములు, వేయించాలని అనంతపురం నుంచి బెంగళూరు జేసీ రోడ్డుకు వెళ్ళేవాళ్ళు ముందు డిజైన్ చూస్తారు, తర్వాత రంగు, ఆపైన బేరం. టైరు సైజు దగ్గరికొచ్చేసరికి షాపతను "ఇది కూర్చుంటుంది లేన్నా" అంటే సరేనంటారు. తిరుగు ప్రయాణంలో కొడికొండ చెక్‌పోస్టు దాటకముందే ఎక్కడో ఒకచోట చప్పుడు మొదలవుతుంది.

ఆ చప్పుడు ఎప్పుడు వస్తోంది, ఎటువైపు నుంచి వస్తోంది అని గమనిస్తే చాలావరకు కారణం అక్కడే దొరుకుతుంది. లెక్క కోసం హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్‌కు కంపెనీ ఇచ్చే 195/55 ఆర్16 తీసుకుందాం. 195 అంటే మిల్లీమీటర్లలో టైరు వెడల్పు. 55 అంటే పక్క గోడ ఎత్తు ఆ వెడల్పులో 55 శాతం, అంటే సుమారు 107 మి.మీ. 16 అంటే అంగుళాల్లో రిమ్ము అడ్డుకొలత, అంటే సుమారు 406 మి.మీ. పై గోడ, కింది గోడ, రిమ్ము కలిపితే టైరు మొత్తం ఎత్తు 621 మి.మీ. మీ కారు టైరుకూ ఇలాగే లెక్క కట్టి ఒకచోట రాసి పెట్టుకోండి.

స్టీరింగ్ పూర్తిగా తిప్పితే ముందు చక్రం రాసుకుంటోంది

యూటర్న్ కొట్టేటప్పుడు, పార్కింగ్‌లో రివర్స్ తీసేటప్పుడు బర్రుమంటుంది. నేరుగా పోతుంటే ఏమీ ఉండదు. ఎక్కువసార్లు ఇది టైరు ఎత్తు పెరగడం వల్ల వచ్చేదే. 17 అంగుళాల రిమ్ముకు 205/50 వేస్తే ఎత్తు 637 అవుతుంది, అంటే 16 మి.మీ. ఎక్కువ, 2.6 శాతం. "మూడు శాతం లోపు ఉంటే ఏం కాదు" అని అందరూ చెప్పే మాట స్పీడోమీటరు వరకు నిజమే. చక్రం గూటిలో ఉన్న ఖాళీకి మాత్రం శాతాలతో పని లేదు. అదే రిమ్ముకు 205/45 వేస్తే 616, 215/45 వేస్తే 625 వస్తుంది. రెండూ అసలు ఎత్తుకు దగ్గరే.

మార్చే ముందు ఒకసారి సుద్దముక్కతో చూడండి. టైరు అంచు చుట్టూ సుద్ద బాగా పూసి, స్టీరింగ్ రెండువైపులా చివరిదాకా తిప్పుతూ మెల్లగా ముందుకీ వెనక్కీ కదిపితే తగిలిన చోట తెల్లటి గీత పడుతుంది. గీత చక్రం గూటి లోపలి ప్లాస్టిక్ లైనర్ మీద పడితే ఎత్తు ఎక్కువైనట్టు. సస్పెన్షన్ స్ట్రట్ (చక్రం లోపలివైపు స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ ఉండే కడ్డీ) మీద పడితే చక్రం లోపలికి జరిగినట్టు, అది ఆఫ్‌సెట్ తప్పు (ఆఫ్‌సెట్ అంటే ఏమిటో కింద చూద్దాం). లైనర్‌ను హీట్‌గన్‌తో వెనక్కి నొక్కి సర్దేవాళ్ళు ఉన్నారు. కొంచెం తగులుతుంటే అది చాలు, ఎక్కువ తగులుతుంటే టైరు మార్చడమే దారి.

నలుగురు ఎక్కితే వెనక చక్రం రాసుకుంటోంది

ఒక్కరే నడిపితే నిశ్శబ్దం. కుటుంబాన్ని ఎక్కించుకుని, డిక్కీలో సామాను పెట్టుకుని కడప నుంచి రాయచోటి వైపు గువ్వలచెరువు ఘాట్ ఎక్కితే ప్రతి మలుపులో చప్పుడు. స్పీడ్ బ్రేకరు దిగేటప్పుడు వెనక నుంచి కర్రుమంటుంది. చక్రం బయటికి వచ్చేసిందన్నమాట.

రిమ్ము మీద ఈటీ అని ఒక అంకె ఉంటుంది, అదే ఆఫ్‌సెట్, అంటే రిమ్ము వెడల్పు మధ్య గీత నుంచి అది కారుకు ఆనే ముఖానికి మి.మీ.లలో దూరం. అది తగ్గేకొద్దీ చక్రం బయటికి జరుగుతుంది. పాత రిమ్ము 6 అంగుళాల వెడల్పు, ఈటీ 45 అనుకుందాం. కొత్తది 7 అంగుళాలు, ఈటీ 38. పెరిగిన అంగుళం రెండువైపులా చెరి 12.7 మి.మీ. పంచుకుంటుంది. ఆఫ్‌సెట్ 7 తగ్గింది కాబట్టి బయటి అంచు దాదాపు 20 మి.మీ. బయటికి, లోపలి అంచు 6 మి.మీ. లోపలికి వస్తాయి. వెనక ఫెండర్ (చక్రం మీది రేకు) అంచుకు ఈ 20 మి.మీ. చాలా ఎక్కువ.

కొన్న చోట మార్చిస్తారంటే ఎక్కువ ఈటీ ఉన్న రిమ్ము తీసుకోండి. కుదరకపోతే టైరు ఒక సైజు సన్నం చేయండి. అయితే మరీ సన్నం చేసి రిమ్ము మీద సాగదీయకూడదు. 205/45 ఆర్17 టైరుకు 6.5 నుంచి 7.5 అంగుళాల రిమ్ము వరకే తగినది, 7 అయితే బాగా కుదురుతుంది. దాన్ని 8 అంగుళాల రిమ్ము మీద సాగదీసి ఎక్కిస్తే చూడ్డానికి స్టైల్‌గా ఉంటుందేమో గానీ, గుంతలో పడితే దెబ్బ నేరుగా రిమ్ము అంచుకే. స్ప్రింగుల మధ్య రబ్బరు బఫర్లు పెట్టించమని సలహా ఇచ్చేవాళ్ళు ఉంటారు. నేనైతే వద్దంటాను. చప్పుడు ఆగుతుంది, సస్పెన్షన్ పని చేయడం కూడా ఆగుతుంది.

90 దాటితే స్టీరింగ్ వణుకుతోంది

ఊళ్ళో బాగానే ఉంటుంది. గుత్తి దాటి డోన్ వైపు హైవే మీద 90, 100 దగ్గర చేతికి వణుకు తెలుస్తుంది. రెండుసార్లు బ్యాలెన్సింగ్ చేయించినా పోదు. అప్పుడు మెషీన్‌ను అనుమానించడం మాని హబ్, అంటే చక్రం బిగించే మధ్య భాగం, చూడండి.

కంపెనీ రిమ్ము మధ్య రంధ్రం హబ్‌కు సరిగ్గా అతుక్కునేలా ఉంటుంది. ఐ20, స్విఫ్ట్‌లకు అది 54.1 మి.మీ., పోలో, వర్టస్‌లకు 57.1. బయట అమ్మే అలాయ్స్ అన్ని కార్లకూ పట్టాలని 67.1, 73.1 లాంటి పెద్ద రంధ్రంతో చేస్తారు. ఆ ఖాళీని హబ్ రింగుతో నింపాలి. రింగు లేకపోతే చక్రం బోల్టుల ఆధారం మీదే నిలుస్తుంది. అవి ఏమాత్రం అటూ ఇటూ బిగిసినా చక్రం ఒక పక్కకు కూర్చుని తిరుగుతుంది. బ్యాలెన్సింగ్ మెషీన్ మీద అదే రిమ్మును కోన్‌తో మధ్యకు పట్టి తిప్పుతారు కాబట్టి అక్కడ తేడా కనపడదు. రింగులు చవకే. కొలత మాత్రం కచ్చితంగా ఉండాలి, ఘాట్ రోడ్లలో బ్రేకు వేడి తగులుతుంది కాబట్టి ప్లాస్టిక్ వాటికంటే అల్యూమినియంవి మేలు.

అసలు ప్రమాదం బోల్టుల దగ్గర ఉంది. వోక్స్‌వ్యాగన్, స్కోడా కంపెనీ బోల్టుల తల కింది భాగం గుండ్రంగా ఉంటుంది. బయటి అలాయ్స్ రంధ్రం ఎక్కువగా కోన్ ఆకారంలో ఉంటుంది. గుండ్రటిదాన్ని కోన్‌లో బిగిస్తే సన్నటి గీతంత చోటే ఆనుతుంది, బిగిసినట్టే అనిపించి దారిలో వదులవుతుంది. నట్లు వాడే కార్లలో ఇంకో చిక్కు ఉంది. హ్యుందాయ్‌వి 12×1.5 మర (12 మి.మీ. లావు, చుట్టుకు 1.5 మి.మీ. జరుగుతుంది), మారుతీవి 12×1.25. షాపులో ఒకే డబ్బాలోంచి తీసి ఇంపాక్ట్ గన్‌తో ఎక్కించేస్తే మర పాడవుతుంది. ముందు చేత్తో నాలుగు చుట్లు తిరగాలి, తిరగకపోతే అది మీ కారు నట్టు కాదు. చివరి బిగింపు టార్క్ రెంచ్‌తో (బిగింపు బలాన్ని కొలిచే రెంచ్) మాన్యువల్‌లో ఉన్న అంకెకు చేయించి, ఒక 50, 100 కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ చూపించండి.

టైరు పక్కన ఉబ్బింది, రిమ్ము వంగింది

సీమలో అలాయ్స్ వేయించుకున్నవాళ్ళకు ఎక్కువ ఖర్చు పెట్టించేది ఇదే. తాడిపత్రి చుట్టుపక్కల బండల లారీలు తిరిగే రోడ్ల అంచులు చూడండి, ఊరి మొదట్లో గీతలు కూడా వేయని స్పీడ్ బ్రేకర్లు చూడండి. వానకు నిండిన గుంతలో 60 మీద పడితే 195/55 టైరు 107 మి.మీ. గోడ తట్టుకునే దెబ్బను 205/45 టైరు 92 మి.మీ. గోడ తట్టుకోలేకపోవచ్చు. ఉబ్బు కనపడిందంటే లోపల దారాలు తెగాయి. దానికి ప్యాచ్ లేదు, వేడి అతుకు లేదు, టైరు మార్చాల్సిందే. రిమ్ము లోపలి అంచు కొద్దిగా వంగితే సరిచేయించుకోవచ్చు. బీట వస్తే వెల్డింగ్ చేయించి నడపకండి.

ఎవరూ పెద్దగా చూడని అంకె ఇంకొకటి ఉంది, లోడ్ ఇండెక్స్. 195/55 ఆర్16 మీద సాధారణంగా 87 ఉంటుంది, అంటే ఒక్కో టైరు 545 కిలోలు మోస్తుంది. 205/45 ఆర్17 మామూలు టైరు తీసుకుంటే అక్కడ 84 ఉంటుంది, అంటే 500 కిలోలే. టైరు వెడల్పయింది, మోసే బలం తగ్గింది! అదే సైజులో ఎక్స్‌ఎల్ (ఎక్స్‌ట్రా లోడ్) అని రాసి 88 ఉన్నది దొరుకుతుంది, అది 560 కిలోలు మోస్తుంది. అయితే ఎక్స్‌ఎల్ టైరు తన బలమంతా చూపాలంటే గాలి ఎక్కువ కావాలి, కాబట్టి కంపెనీ చెప్పినదానికంటే మూడు నాలుగు పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) ఎక్కువ పెట్టించండి. గాలి పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. మే నెలలో కర్నూలు నుంచి నడిపించుకొచ్చి మధ్యాహ్నం చూస్తే ఐదారు పీఎస్ఐ పెరిగి కనిపిస్తుంది, అది చూసి తీయించేయకండి. తక్కువ గాలితో, వేడి రోడ్డు మీద, నిండు బరువుతో పోయే టైరే పేలేది.

నన్నడిగితే రోజూ పల్లె రోడ్ల మీద తిరిగేవాళ్ళు 17 జోలికి పోనక్కర్లేదు. 16 రిమ్ములోనే 205/55 వేస్తే ఎత్తు 632, తేడా 1.8 శాతం. గోడ ఎత్తుగా ఉంటుంది, పట్టు పెరుగుతుంది. సుద్ద పరీక్ష మాత్రం దీనికీ చేయండి.

పికప్ తగ్గింది, మీటరు తేడాగా ఉంది

ఎత్తు పెరిగితే గేరింగ్ సాగినట్టవుతుంది, అంటే కారును లాగడానికి ఇంజిన్ ఎక్కువ కష్టపడాలి, బరువైన రిమ్ము కదలడానికి ఎక్కువ బలం కావాలి. 637 టైరుతో మీటరు 100 చూపిస్తే కారు పాతదానికంటే రెండున్నర కిలోమీటర్లు ఎక్కువ వేగంతో పోతున్నట్టు. కొనేటప్పుడు రిమ్మును తూకం వేయించండి, సిగ్గుపడక్కర్లేదు.

అన్నిటికంటే తలనొప్పి లేనిది మీ మోడల్‌లోనే పై వేరియంట్‌కు కంపెనీ ఇచ్చిన సైజు. స్విఫ్ట్ 165/80 ఆర్14 నుంచి 185/65 ఆర్15కు మారితే ఎత్తు తేడా రెండు మి.మీ. మాత్రమే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండి అసలు వివరాలకు విరుద్ధంగా మార్పులు చేయొద్దంటోంది కాబట్టి ఇన్సూరెన్స్ క్లెయిమ్ వచ్చిన రోజు టెన్షన్ కూడా తక్కువ.

ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రాలు జామ్ కాకుండా చూసే వ్యవస్థ) లైటు, గాలి హెచ్చరిక లైటు వెలుగుతోంది

నాలుగు చక్రాలకూ ఒకే సైజు, దాదాపు ఒకే అరుగుదల ఉందో లేదో చూడండి. ముందు కొత్తవి, వెనక అరిగినవి ఉంటే తిరిగే వేగాల్లో తేడా వచ్చి సెన్సర్ గందరగోళపడుతుంది. అన్నీ సమానంగానే ఉంటే గాలి సరిచేసి, గాలి హెచ్చరిక లైటుకు రీసెట్ బటన్ ఉంటే నొక్కండి.

స్టెప్నీ వేస్తే సరిగ్గా బిగియడం లేదు

కొత్త అలాయ్స్‌కు కోన్ బోల్టులు కొని, పాతవి షాపులోనే వదిలేసి వస్తారు. డిక్కీలో ఉన్న స్టీల్ రిమ్ముకు కావాల్సింది ఆ పాత బోల్టులే. వాటిని ఒక సంచిలో కట్టి జాకీ పక్కనే పెట్టండి, లాక్ నట్టు ఉంటే దాని తాళమూ అందులోనే. స్టెప్నీ ఎత్తు మిగతావాటికి సరిపోకపోతే, ఇంజిన్ ముందు చక్రాలను తిప్పే కారులో దాన్ని ముందు వేయకండి. ముందు పంక్చరైతే వెనక చక్రాన్ని ముందుకు తెచ్చి, స్టెప్నీని వెనక బిగించి, 80 దాటకుండా దగ్గరి పంక్చర్ షాపుదాకా పోండి.