తాళంచెవులు పోయిన పాత బ్రిటిష్ కారుకి మళ్లీ తాళాలు సిద్ధం చేయడం

పాత ఎంజీబీ, మినీ, ట్రయంఫ్, జాగ్వార్... ఏది చేతికొచ్చినా తాళంచెవుల గుత్తి పూర్తిగా రావడం అరుదు. ఇగ్నిషన్‌ది ఉంటే డిక్కీది ఉండదు, డోర్లది ఉంటే గ్లవ్ బాక్సుది ఉండదు. అప్పుడు చాలామంది చేసేది ఒకటే: పాత తాళాన్ని డ్రిల్‌తో తొలిచేసి కొత్తది బిగించడం. చాలా కార్లలో దాని అవసరమే రాదు. పోయిన తాళంచెవి కొలతలు ఇంకా కారులోనే ఉంటాయి. తాళం మీద కొట్టిన నంబరులో ఉంటాయి, లేదా తాళం లోపలి ఇత్తడి రేకుల ఎత్తుల్లో ఉంటాయి. వాటిని చదివాకే పనిముట్లు బయటికి తీయాలి.

నంబరు ఎక్కడుంటుంది

1950లు, 60ల బ్రిటిష్ కార్ల తాళాల్లో ఎక్కువ భాగం విల్మాట్ బ్రీడెన్ కంపెనీవి. కొన్ని తాళంచెవుల తల మీద యూనియన్ అన్న పేరు కనిపిస్తుంది. ప్రతి తాళానికీ అక్షరాలు, అంకెలు కలిసిన ఒక కోడ్ ఉంటుంది. ఎఫ్‌ఎస్, ఎఫ్‌ఏ, ఎఫ్‌పీ, ఎఫ్‌ఆర్‌ఎన్, ఎంఆర్‌ఎన్ అన్నవి తరచూ ఎదురయ్యే సిరీస్‌లు. అక్షరాలు సిరీస్‌ని చెబుతాయి, అంకెలు కోతలు ఎక్కడెంత లోతుండాలో చెబుతాయి. సిరీస్ మారితే తాళంచెవి పక్కల గాళ్ల ఆకారం కూడా మారవచ్చు. కాబట్టి అక్షరాలు తప్పుగా చదివితే, అంకెలు సరైనవే అయినా, వచ్చిన తాళంచెవి రంధ్రంలో దూరకపోవచ్చు.

ఇగ్నిషన్ తాళానికైతే చాలా కార్లలో కోడ్ బ్యారెల్ (తాళంచెవితో పాటు తిరిగే గొట్టంలాంటి భాగం) ముఖం మీదే, తాళంచెవి దూర్చే సందు పక్కన సన్నగా కొట్టి ఉంటుంది. ఏళ్ల మురికి, పాలిష్ అందులో పేరుకుపోతాయి. స్పిరిట్‌లో ముంచిన గుడ్డతో తుడిచి, టార్చి వెలుగు పక్కనుంచి ఏటవాలుగా పడేలా పట్టుకుంటే అంకెలు లేస్తాయి. అప్పటికీ తేలకపోతే పల్చటి కాగితం పరిచి పెన్సిల్ సీసంతో మెల్లగా రుద్దండి. వైర్ బ్రష్, ఎమెరీ కాగితం మాత్రం వద్దు. అక్షరాల లోతు చాలా తక్కువ, ఒక్కసారి చెరిగితే మళ్లీ రావు. ఇంకో జాగ్రత్త: లూకస్ కంపెనీ ఇగ్నిషన్ స్విచ్ ఒంటి మీద పార్ట్ నంబరు, తయారైన నెల, సంవత్సరం కూడా కొట్టి ఉంటాయి. వాటిని తాళం కోడ్ అనుకోకండి. కానీ ఆ తేదీ ఇంకో విధంగా పనికొస్తుంది. కారు తయారైన ఏడాదికి అది చాలా తర్వాతిదైతే ఆ స్విచ్ మధ్యలో మార్చినదే. అలాంటప్పుడు డోర్ల కోడ్ దానితో కలవకపోవచ్చు.

డోర్, డిక్కీ తాళాల కోడ్ సాధారణంగా బ్యారెల్ పక్క భాగం మీద ఉంటుంది కాబట్టి, విప్పితేగానీ కనబడదు. విప్పే ముందు ఇంకో దారి చూడండి. గేడన్‌లో ఉన్న బ్రిటిష్ మోటార్ ఇండస్ట్రీ హెరిటేజ్ ట్రస్ట్ దగ్గర ఎంజీ, ఆస్టిన్, మోరిస్, ట్రయంఫ్ వంటి కార్ల ఫ్యాక్టరీ రికార్డులున్నాయి. ఛాసిస్ నంబరు ఇచ్చి హెరిటేజ్ సర్టిఫికెట్ తెప్పించుకుంటే, రికార్డులో నమోదై ఉన్న కార్లకి తాళంచెవి నంబర్లు కూడా అందులో వస్తాయి. అన్ని మోడళ్లకీ, అన్ని ఏళ్లకీ రావు. అవి ఫ్యాక్టరీ గేటు దాటిన నాటి నంబర్లని కూడా గుర్తుంచుకోండి.

కోడ్ దొరికితే పని దాదాపు అయిపోయినట్టే. ఎఫ్‌ఎస్ సిరీస్ 876 నుంచి 955 దాకా ఉంటుంది, అంటే మొత్తం 80 రకాలే. పాత కార్ల విడిభాగాలు అమ్మేవాళ్లు కోడ్ చెబితే తాళంచెవి ఇస్తారు. అరిగిన తాళాలు తమది కాని తాళంచెవికి కూడా తెరుచుకోవడానికి ఒక కారణం ఈ తక్కువ సంఖ్యే. చేతిలో పాత తాళంచెవి ఒకటి ఉన్నా సరే, దాన్ని నకలు తీయించకండి. యాభై ఏళ్ల అరుగుదల కూడా నకలులోకి వస్తుంది, దానికి కోత యంత్రం తేడా తోడవుతుంది. కోడ్ ప్రకారం కోయించినదే తాళానికి అసలు కొలత.

ఇగ్నిషన్, డోర్లకి ఒక తాళంచెవి, డిక్కీ, గ్లవ్ బాక్సుకి ఇంకొకటి అన్న ఏర్పాటు కూడా ఆ రోజుల్లో ఉండేది. కారుని వేరేవాళ్ల చేతికి అప్పగించినా సామాను భద్రంగా ఉండాలన్నది దాని ఉద్దేశం. మీ కారులో రెండు కోడ్‌లు కనిపిస్తే వెంటనే ఎవరో మార్చేశారని అనుకోకండి.

కోడ్ చెరిగిపోతే

తాళాన్నే లాక్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్లండి. ఇవి రేకుల తాళాలు. బ్యారెల్‌లో వరసగా పల్చటి ఇత్తడి రేకులు, ఒక్కోదాని వెనక చిన్న స్ప్రింగ్ ఉంటాయి. సరైన తాళంచెవి పెడితే రేకులన్నీ బ్యారెల్ ఒంటికి సమంగా లోపలికి సర్దుకుంటాయి, బ్యారెల్ తిరుగుతుంది. పని తెలిసినవాళ్లు రేకుల ఎత్తులు చూసి తాళంచెవి కోయగలరు. బ్రిటన్‌లో లాక్‌స్మిత్ వీ5సీ (కారు రిజిస్ట్రేషన్ పత్రం) అడిగితే చూపించండి. అయితే వీ5సీ రిజిస్టర్డ్ కీపర్ ఎవరో చెప్పే పత్రమే, యాజమాన్యానికి రుజువు కాదు. అందుకే కారు కొన్న రశీదు కూడా వెంట ఉంచుకోండి.

డ్యాష్‌బోర్డు ఇగ్నిషన్ బ్యారెల్ తీయడం

ముందు బ్యాటరీ ఎర్త్ వైరు తీయాలి. 1960ల మధ్య దాకా చాలా బ్రిటిష్ కార్లు పాజిటివ్ ఎర్త్‌వి, అంటే బ్యాటరీ ప్లస్ వైపు బాడీకి కలిపి ఉంటుంది. కాబట్టి ప్లస్, మైనస్ గుర్తు చూసి కాకుండా, ఏ వైరు బాడీకి బిగించి ఉందో చూసి దాన్ని తీయండి. ఇగ్నిషన్ స్విచ్‌కి వచ్చే గోధుమరంగు వైరులో ఎప్పుడూ కరెంటు ఉంటుంది, దానికి ఫ్యూజు కూడా ఉండదు. స్పానర్ తగిలి బాడీకి కలిస్తే వైరింగ్ హార్నెస్ మొత్తం కాలిపోవచ్చు.

తాళంచెవి ఉండి బ్యారెల్ మాత్రమే మార్చాలంటే: లూకస్ స్విచ్ ఒంటికి పక్కన సన్నటి రంధ్రం ఉంటుంది. తాళంచెవి పెట్టి ఇగ్నిషన్ ఆన్ దిక్కుగా మెల్లగా తిప్పుతూ, ఆ రంధ్రంలోకి సన్నని గట్టి తీగ దూర్చండి. ఒకచోట లోపల స్ప్రింగ్ మీద ఉన్న ఇత్తడి బొడిపె తీగకి తగులుతుంది. దాన్ని నొక్కి పట్టుకుని తాళంచెవితో పాటే బ్యారెల్‌ని బయటికి లాగండి. రాకపోతే బలం పెట్టకండి, తాళంచెవిని కొద్దిగా ఇటూ అటూ కదిపి మళ్లీ నొక్కండి. బొడిపె సరిగ్గా రంధ్రం ఎదురుగా లేకపోవడమే చాలాసార్లు కారణం.

తాళంచెవి లేకపోతే స్విచ్ మొత్తం తీయాలి. డ్యాష్‌బోర్డు ముందున్న క్రోమ్ రింగు విప్పితే స్విచ్ వెనక్కి వస్తుంది. రింగుకి పట్టకారు వేస్తే క్రోమ్ గీసుకుపోతుంది, గాడికి సరిపడే పనిముట్టుతోనే తిప్పండి. వైర్లు తీసే ముందు ఫోటో తీసి ఒక్కోదానికి చీటీ అంటించండి. గోధుమరంగు బ్యాటరీ నుంచి వచ్చేది, తెల్లది ఇగ్నిషన్‌కి, తెలుపు మీద ఎర్ర చారలున్నది స్టార్టర్ సోలెనాయిడ్‌కి. ఎండలో, వేడిలో రంగులు వెలిసిపోతాయి కాబట్టి, వైరు టెర్మినల్ దగ్గర ఇన్సులేషన్‌ని తుడిచి చూసి నిర్ధారించుకోండి.

స్టీరింగ్ లాక్ ఉన్న కార్లు

1970ల మొదటి నుంచి చాలా కార్లలో ఇగ్నిషన్ స్టీరింగ్ కాలమ్ మీదికి వచ్చింది. దాన్ని షియర్ బోల్టులతో బిగిస్తారు. బిగింపు ఒక హద్దు దాటగానే బోల్టు తల తెగిపోతుంది, ఆ తర్వాత స్పానర్‌కి పట్టు ఉండదు. తీయాలంటే మిగిలిన మొండెం మధ్యలో సెంటర్ పంచ్‌తో గుర్తు పెట్టి, మొదట అంచు మీద సన్నని ఉలి ఆనించి విప్పే దిక్కుగా తేలిగ్గా కొట్టి చూడండి. చాలాసార్లు అంతతోనే కదులుతుంది. కదలకపోతే 3 మిల్లీమీటర్ల బిట్‌తో సరిగ్గా మధ్యలో తొలిచి ఎక్స్‌ట్రాక్టర్ (విరిగిన బోల్టుని పట్టి విప్పే పనిముట్టు) వాడండి. ఎడమవైపు తిరిగే డ్రిల్ బిట్ దొరికితే మరీ మంచిది, తొలుస్తుండగానే బోల్టు వదులై వస్తుంది. పెద్ద సుత్తితో బాదకండి. చాలా కాలమ్‌లు ప్రమాదంలో ముడుచుకునేలా తయారైనవి, దెబ్బకి లోపలి ప్లాస్టిక్ పిన్నులు తెగిపోతాయి.

కొత్త లాక్ పెట్టాక షియర్ బోల్టులని చేత్తో బిగించి ఆపండి. తాళంచెవి తీశాక స్టీరింగ్ రెండు వైపులా తిప్పి చూడండి. లాక్ మేకు గాడిలో పూర్తిగా పడాలి, తాళంచెవి తిప్పగానే పూర్తిగా వెనక్కి రావాలి. పది పన్నెండుసార్లు పరీక్షించాకే తలలు తెగేలా బిగించండి. మేకు సగంలో ఆగే లాక్‌తో కారు రోడ్డెక్కితే ప్రాణాలకే ముప్పు. ఈ ఒక్క భాగం విషయంలో పాత, అరిగిన విడిభాగం వాడకండి.

డోర్, డిక్కీ, గ్లవ్ బాక్స్

డోర్ లోపలి ప్యానెల్ తీస్తే బ్యారెల్ వెనక స్ప్రింగ్ క్లిప్ గానీ సర్‌క్లిప్ గానీ చిన్న పిన్ గానీ కనిపిస్తుంది. క్లిప్ ఎగిరి డోరు అడుగున పడితే వెతకడం కష్టం, ముందే లోపల గుడ్డ పరవండి. హ్యాండిళ్లు, బ్యారెల్ గూళ్లు చాలావరకు జింకు మిశ్రమంతో పోత పోసినవి. వయసుతో పెళుసెక్కుతాయి. తిరగని బ్యారెల్‌ని స్క్రూడ్రైవర్‌తో మెలితిప్పితే గూడు పగులుతుంది, తాళంచెవితో మెలితిప్పితే తాళంచెవి లోపల విరుగుతుంది.

బిగుసుకుపోయిన తాళంలో పెనెట్రేటింగ్ ఆయిల్ పోసి రాత్రంతా వదిలేయండి. మర్నాడు తాళంచెవిని తిప్పకుండా లోపలికీ బయటికీ ఆడించండి. రేకులు కదలడం మొదలయ్యాకే తిప్పాలి. ఆ తర్వాత కాంటాక్ట్ క్లీనర్‌తో నూనె మొత్తం కడిగేసి, ఆరాక చిటికెడు గ్రాఫైట్ పొడి ఊదండి. నూనె, గ్రీజు తాళంలో మిగిలితే దుమ్ము పట్టి ముద్దలా మారి, చలికాలంలో రేకుల్ని అంటిస్తుంది. ఇగ్నిషన్‌లో మాత్రం గ్రాఫైట్ వద్దు, అది విద్యుత్తుని ప్రవహింపజేస్తుంది. అక్కడ పీటీఎఫ్‌ఈ (టెఫ్లాన్) పొడి స్ప్రే మంచిది.

లోపల విరిగిన తాళంచెవి ముక్కని తీయడానికి నగలపనివాళ్ల సన్న రంపం బ్లేడు చాలు. పళ్లు బయటికి చూసేలా ముక్క పక్కనుంచి దూర్చి, కోతకి ఆనించి లాగాలి. అంతకు ముందు బ్యారెల్‌ని తాళంచెవి పెట్టే స్థానానికి తిప్పండి, లేకపోతే ముక్క కదలదు.

అన్నిటికీ ఒకే తాళంచెవి

తాళాలన్నీ ఒకే సిరీస్‌వైతే ఇది సాధ్యమే. బయటికి తీసిన బ్యారెల్‌లో కావలసిన తాళంచెవి పెట్టి చూడండి. ఏ రేకులు ఒంటికి పైకి పొడుచుకొస్తాయో, ఏవి లోపలికి కుంగుతాయో అవే మార్చాల్సినవి. అదే సిరీస్ పాత బ్యారెల్ ఒకదాన్నుంచి సరైన ఎత్తు రేకులు తీసి మార్చండి. స్ప్రింగులు కంటికి ఆనవు, కాబట్టి పనంతా పెద్ద పారదర్శకమైన ప్లాస్టిక్ సంచి లోపల చేయడం మేలు. పొడుచుకొచ్చిన రేకుల్ని ఆకురాయితో రాసి సమం చేసే అలవాటు కొందరికి ఉంది. తాళం తిరుగుతుంది గానీ, రాసిన ప్రతి రేకూ మరిన్ని తాళంచెవులకి దారి ఇస్తుంది. అసలే 80 రకాలున్న సిరీస్‌లో ఇది చేయకూడదు.

డోర్ తాళం పరీక్షించేటప్పుడు డోరు తెరిచే ఉంచి, స్క్రూడ్రైవర్‌తో లాచ్‌ని మూసిన స్థితికి నెట్టి, తాళం వేసి తీయండి. అద్దం దించి ఉంచండి. డిక్కీకి కూడా మూత తెరిచి ఉండగానే ఇలా చూడండి. అన్నీ కుదిరాక కోడ్ ప్రకారం రెండో జత కోయించి, నంబర్లని కారు కాగితాలతో ఇంట్లో ఉంచండి. కారులో పెడితే అద్దం పగలగొట్టినవాడికి తాళంచెవి కూడా ఇచ్చినట్టే. కొత్త ఇగ్నిషన్ బ్యారెల్ ముఖం మీద కోడ్ కనిపిస్తుంటే, నంబరు రాసుకున్నాక ఆ అంకెల్లో నల్ల మైనం నింపండి. కావలసినప్పుడు స్పిరిట్‌తో తుడిస్తే పోతుంది, బ్యారెల్‌కి ఏ హానీ జరగదు.