అలారం 'వెంట్ ఆఫ్' అంటే ఆగిపోయిందనా?

కాదు, మోగిందని! ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను ఇక్కడే బోల్తా పడ్డాను. ఆలస్యంగా వచ్చిన సహోద్యోగి 'మై అలారం డిడ్‌న్ట్ గో ఆఫ్' అన్నాడు. అలారం ఆగకుండా మోగుతుంటే ఇతనికి నిద్రెలా పట్టిందబ్బా అనుకున్నాను. పాపం, అది అసలు మోగనే లేదట.

'గో ఆఫ్'తో చిక్కు ఇదే. అలారం వెంట్ ఆఫ్ అంటే మోగింది. లైట్లు వెంట్ ఆఫ్ అంటే ఆరిపోయాయి. ఒకే మాట, ఒకచోట మొదలవడం, ఇంకోచోట ఆగిపోవడం! బాంబైతే పేలింది. పాలైతే విరిగిపోయాయి (ఇది ఎక్కువగా బ్రిటిష్ వాడుక). 'ఐ హావ్ గాన్ ఆఫ్ కాఫీ' అంటే కాఫీ మీద మోజు పోయిందని.

అందుకే 'గో ఆఫ్'కి ఒక్క అర్థం బట్టీ పట్టకండి. ముందు ఏ వస్తువు గురించి చెబుతున్నారో చూడండి. నోట్‌బుక్‌లో కూడా 'అలారం గోస్ ఆఫ్', 'మిల్క్ గోస్ ఆఫ్' అని జంటగానే రాసుకోండి. మన 'కొట్టు' మాత్రం తక్కువదా? ఈల కొడతాం, కాపీ కొడతాం, బండికి పెట్రోలు కొట్టిస్తాం, సినిమా బోరు కొడుతుంది. వీటిలో ఎవరికీ దెబ్బ తగలదు. తెలుగు నేర్చుకునేవాళ్ల తిప్పలూ ఇలాంటివే.