రోళ్లపాడు బీళ్లలో హారియర్ ఫోటో: ఎక్కడ కూర్చోవాలి, ఎప్పుడు లేవకూడదు

చలికాలం మొదలైందంటే చాలు నాకు వచ్చే మెసేజీలన్నీ ఒకటే రకం, "అన్నా రోళ్లపాడు పోతున్నాం, హారియర్లు ఎక్కడ కనపడతాయి, ఏ లెన్స్ తీసుకెళ్లాలి" అని. ఒక్కొక్కరికీ టైప్ చేసి చేసి వేళ్లు నొప్పి పుడుతున్నాయి కాబట్టి ఒక్కసారే రాసి పెడుతున్నా. రోళ్లపాడంటే కర్నూలు దగ్గరి గడ్డి బీళ్ల శాంక్చురీ. లెన్స్ గురించి కూడా చెప్తా గానీ అది తర్వాత, ఎందుకంటే నేను చూసినంతలో ఫోటో పాడయ్యేది లెన్స్ వల్ల కాదు, మనం కూర్చోలేకపోవడం వల్ల.

ముందు పిట్ట సంగతి. హారియర్ గద్దల కుటుంబమే, కానీ ఊళ్లో మటన్ కొట్టు మీద చక్కర్లు కొట్టే గద్దకీ దీనికీ పోలికే లేదు. గడ్డికి మనిషెత్తు కూడా లేకుండా, రెక్కలు కొంచెం పైకెత్తి పట్టుకుని, తాగినోడిలా అటూ ఇటూ ఊగుతూ పోతుంటుంది, కింద మిడతో ఎలకో కదిలిందంటే ఉన్నట్టుండి కాళ్లు చాపి గడ్డిలో పడిపోతుంది. పాత పక్షుల పుస్తకాల్లో దీనికి పిల్లి గద్ద అని తెలుగు పేరు ఉంది. ఎవరు పెట్టారోగానీ ఆ పొంచి చూడటం, ఆ గుండ్రటి మొహం చూస్తే సరిగ్గానే పెట్టారనిపిస్తుంది. రష్యా, కజకిస్తాన్ వైపు గడ్డి మైదానాల్లో గూళ్లు పెట్టుకుని అక్టోబర్ నుంచి మార్చి దాకా మన దగ్గర గడుపుతాయి. మన బీళ్లల్లో ముఖ్యంగా మూడు రకాలు చూస్తాం, పాలిడ్, మాంటెగ్యూ, మార్ష్. పగలంతా పత్తి చేలమీద, శనగ చేలమీద ఎక్కడెక్కడో తిరిగి పొద్దు గూకే టైంకి ఒకే గడ్డిలోకి చేరతాయి, అదీ చెట్టు మీద కాదు, నేల మీదే. గడ్డిని తొక్కి చిన్న చాపంత చోటు చేసుకుని పడుకుంటాయి. ఈ ఒక్క విషయం బుర్రలో పెట్టుకుంటే మిగతాదంతా సులువు.

నాకు ఇది తెలియక మొదటిసారి చేసిన నిర్వాకం చెప్తా. సాయంత్రం ఐదున్నరకి గడ్డి మీద ఒక తెల్ల మగ పిట్ట దిగడం చూశా, దగ్గరికి పోదామని వంగి వంగి నడుచుకుంటూ పోయా, ముప్పై అడుగులు వేశానో లేదో ముందు ఒకటి లేచింది, దాని వెనక ఇంకోటి, ఆ తర్వాత చుట్టూ ఎటు చూసినా లేస్తూనే ఉన్నాయి, నేను సరిగ్గా వాటి పడకగది మధ్యలో నిలబడున్నా. ఒక్కటంటే ఒక్క ఫోటో షార్ప్‌గా రాలేదు, అన్నీ తోకలే. అవి చీకట్లో చాలాసేపు పైన తిరిగి తిరిగి ఎటో పోయాయి. గట్టు మీద జీవాలు తోలుకుపోతున్న పెద్దాయన ఒకాయన చూసి, "ఏం సారూ, నిద్రపొయ్యే టయానికి మీ ఇంట్లోకి ఎవరన్నా వస్తే ఊరుకుంటారా" అన్నాడు. నాకు జవాబు లేదు.

అందుకని మొదటి రూల్, గడ్డిలోకి దిగొద్దు. శాంక్చురీలోకి పోవాలన్నా, ఫోటోలు తీయాలన్నా అటవీ శాఖ అనుమతి కావాలి, అది ముందే తీసుకోండి, అక్కడ పనిచేసే వాచర్లని అడిగితే ఈ ఏడాది పిట్టలు ఏ వైపు దిగుతున్నాయో వాళ్లకంటే బాగా ఎవరూ చెప్పలేరు. మొదటి రోజు కెమెరా బ్యాగులోనే ఉంచి బైనాక్యులర్స్‌తో చూడండి. ఏ దిక్కు నుంచి వస్తున్నాయి, దిగే ముందు ఎక్కడ తిరుగుతున్నాయి, ఇదంతా నోట్ చేసుకుంటే రెండో రోజు ఎక్కడ కూర్చోవాలో మీకే తెలిసిపోతుంది. బండి బాటలో కారు ఆపుకుని లోపలే కూర్చోవడం అన్నిటికన్నా మంచిది, పిట్టకి కారంటే పెద్ద భయం లేదు, తలుపు తీసి మనిషి దిగితేనే భయం. కిటికీ మీద బియ్యమో ఇసుకో పోసిన గుడ్డ సంచి పెట్టి దాని మీద లెన్స్ ఆనించండి, ఇంజిన్ మాత్రం ఆఫ్ చేయాలి, ఆ వణుకు ఫోటోలో కనపడుతుంది.

గాలి సంగతి ఎవరూ చెప్పరు గానీ సగం ఫోటో అక్కడే ఉంది. గద్ద ఏదైనా పైకి లేచేటప్పుడు, దిగేటప్పుడు గాలికి ఎదురుగా మొహం పెడుతుంది. అంటే గాలి మన వీపుకి తగులుతుంటే పిట్ట మొహం మన వైపు ఉంటుంది, గాలి మన మొహానికి కొడుతుంటే అది మనకి తోక చూపిస్తుంది. చలికాలంలో ఇక్కడ గాలి ఎక్కువగా తూర్పు, ఈశాన్యం నుంచి వస్తుంది, సాయంత్రం వెలుగేమో పడమర నుంచి. కాబట్టి సాయంత్రం రెండూ ఒకేసారి కుదరవు, పడమర వైపు కూర్చుంటే వెలుగు బాగుంటుంది గానీ పిట్ట వీపు ఎక్కువ దొరుకుతుంది. పొద్దున అయితే వెలుగూ తూర్పే, గాలీ తూర్పే, తూర్పు వైపు దూరంగా కూర్చుంటే లేచే పిట్ట నేరుగా మీ మొహంలోకి చూస్తూ లేస్తుంది. చిక్కేంటంటే చాలా పిట్టలు సూర్యుడు సరిగ్గా రాకముందే వెళ్లిపోతాయి, బద్ధకంగా ఆగిన నాలుగైదే వెలుగులో దొరుకుతాయి. నేనైతే సాయంత్రం లెక్కపెట్టడానికి, పొద్దున ఫోటోకి అని పెట్టుకున్నా.

ఇక కెమెరా. క్రాప్ సెన్సర్ (చిన్న సెన్సర్) బాడీ, దానికి 400 ఎంఎం దాకా పోయే జూమ్ ఉంటే చాలు, సెకండ్ హ్యాండ్ అయినా పర్లేదు, నాది అదే. 600 ఉంటే హాయి, కానీ దాని కోసం అప్పు చేయొద్దు. షట్టర్ స్పీడ్ 1/2000, వెలుగు తగ్గాక 1/1000 దాకా దిగొచ్చు, అంతకన్నా దిగితే రెక్క కొసలు చెదురుతాయి. అపర్చర్ లెన్స్ ఎంత ఇస్తే అంత తెరిచేయండి, ఐఎస్ఓ ఆటోలో పెట్టి 6400 దగ్గర ఆపండి, గ్రెయిన్ వస్తే రానీయండి, షేక్ అయిన ఫోటోని ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా బాగుచేయజాలదు. ఫోకస్ కంటిన్యువస్‌లో ఉండాలి. కొత్త కెమెరాల్లో పిట్ట కన్ను పట్టే ఆప్షన్ ఉంటుంది, ఆకాశం మీద అదిరిపోతుంది, గడ్డి అడ్డం వచ్చిందంటే మాత్రం పిట్టని వదిలేసి గడ్డిని పట్టుకుంటుంది, అప్పుడు చిన్న జోన్‌కి మార్చుకోండి. ఎక్స్‌పోజర్ దగ్గర చాలామంది దెబ్బతింటారు, మగ పాలిడ్ దాదాపు తెల్లగా ఉంటుంది, వెనక ఎండు గడ్డి ముదురుగా ఉంటే పిట్ట కాలిపోతుంది కాబట్టి అర స్టాప్ తగ్గించండి, అదే పిట్ట తెల్లటి ఆకాశంలోకి లేవగానే ఒక స్టాప్ పెంచండి. ఆ ఎక్స్‌పోజర్ డయల్ కళ్లు మూసుకుని తిప్పగలిగేదాకా ఇంటి డాబా మీద పావురాల మీద ప్రాక్టీస్ చేయండి. పదకొండు దాటాక నేల నుంచి వేడి గాలి లేస్తుంది, అప్పుడు ఎంత లక్షల లెన్స్ అయినా పిట్ట నీళ్లలో ఉన్నట్టే వస్తుంది, పోయి అన్నం తినండి.

మనోళ్లు అందరూ ఒకటే ఫోటో కోసం చూస్తారు, మొహం, కన్ను, వెనక బ్లర్. అది తీసుకోండి, కానీ రెక్క విప్పిన ఫోటో, పైవైపు ఒకటి, కిందవైపు ఒకటి తప్పకుండా తీయండి, అందంగా లేకపోయినా సరే. రకం తేలేది అక్కడే. మగ పాలిడ్‌కి రెక్క చివర సన్నటి నల్ల కోణం ఒకటే ఉంటుంది, పొట్ట శుభ్రంగా తెల్లగా ఉంటుంది. మగ మాంటెగ్యూకి రెక్క పైన మధ్యలో ఒక నల్ల గీత అడ్డంగా పోతుంది, పొట్ట మీద ఇటుక రంగు చారలు ఉంటాయి. ఈ రెండు రకాల్లో ఆడవి, పిల్లవి అయితే తల తిరిగిపోతుంది, అన్నీ గోధుమ రంగే, అన్నిటికీ తోక మొదట్లో తెల్ల పట్టీయే. అప్పుడు మెడ చూడాలి, చెంప వెనక లేత రంగు కాలర్ ఒకటి స్పష్టంగా ఉండి దాని వెనక ముదురు పట్టీ ఉంటే పిల్ల పాలిడ్ అనుకోవచ్చు, మాంటెగ్యూకి ఆ కాలర్ ఉండదు. నా హార్డ్ డిస్క్‌లో రెండేళ్లు మాంటెగ్యూ అని పేరు పెట్టుకున్న పిట్ట ఒకటి పాలిడ్ అని ఒక పెద్దాయన ఈ మెడ ఫోటో చూసే చెప్పాడు. కాలికి రింగ్ గానీ వీపు మీద ట్యాగ్ గానీ కనిపిస్తే ఫోకస్ లేకపోయినా క్లిక్ చేయండి, అది ఎక్కడ నుంచి వచ్చిందో తెలిసే దారి అదొక్కటే.

ఫోటో తీశాక దాన్ని ఇన్‌స్టాలో పడేసి ఊరుకుంటే పిట్టకి ఒరిగేదేం లేదు. ఈబర్డ్‌లో (పక్షుల లెక్కలు పెట్టే వెబ్‌సైట్) ఆ సాయంత్రం ఎన్ని వచ్చాయో లెక్కతో సహా ఎంటర్ చేయండి, ఏటా అదే చోట, అదే గంటలో లెక్కపెడితే తగ్గుతున్నాయో పెరుగుతున్నాయో తెలుస్తుంది. సోషల్ మీడియాలో మాత్రం జిల్లా పేరు చాలు, పిన్ పెట్టొద్దు, అప్‌లోడ్‌కి ముందు జీపీఎస్ వివరాలు తీసేయండి. డేగ గూడో గుడ్లగూబ గూడో అయితే జిల్లా పేరు కూడా వద్దు. గూటి దగ్గర ఇరవై మంది ట్రైపాడ్లు పెడితే తల్లి పైకి లేస్తుంది, ఈలోపు ఎండకి గుడ్లు మాడతాయి, లేదంటే కాకి వచ్చి పట్టుకుపోతుంది. ఎలకని దారానికి కట్టి ఎర వేసి తీసిన ఫోటోలు కూడా చూస్తూనే ఉన్నాం, గుడ్లగూబ నేరుగా కెమెరా వైపు కాళ్లు చాపి వస్తుంటుంది, వేలల్లో లైకులు. అలాంటివి నేను లైక్ కొట్టను, మీరూ కొట్టకండి, ఎలా తీశారని అడగండి చాలు.

బీడు గురించి కూడా చెప్పాలి. రోళ్లపాడుని 1988లో శాంక్చురీ చేసింది బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసం. ఇప్పుడు పోయి చూడండి, కృష్ణజింకలున్నాయి, బట్టమేక లేదు. దానికి కారణం ఒకటి కాదు, చుట్టూ నీళ్లు వచ్చి పంటలు మారాయి, బీళ్లు తగ్గాయి. అటు ఓర్వకల్లు, గడివేముల వైపు పోతే 1000 మెగావాట్ల సోలార్ పార్క్, కనుచూపు మేర పలకలే. కరెంటు వద్దని నేననను, మా ఇంట్లోనూ ఫ్యాన్ తిరగాలి. కానీ గడ్డి నేలని రికార్డుల్లో బంజరు అని రాసుకున్నాక దాన్ని ఎవరికిచ్చినా అడిగేవాడుండడు. ఇంకో గొడవ మొక్కలు నాటడం. మంచి మనసుతోనే కాలేజీ పిల్లలు లారీలో మొక్కలు తెచ్చి గడ్డిలో గుంతలు తీస్తారు, అడవి లేదు కాబట్టి అడవి పెంచుదామని. హారియర్‌కి, బట్టమేకకి కావలసింది అడవి కాదు, గడ్డే. మీ ఫోటోలు అక్కడ పనికొస్తాయి. గడ్డిలో పడుకున్న పిట్ట ఫోటో, కజకిస్తాన్ మ్యాప్ రెండూ పక్కపక్కన పెట్టి మొక్కలు నాటేవాళ్లకి ఒకసారి చూపించా, అక్కడ గుంతలు తీయడం ఆపి ఊరి చెరువు గట్టుకి మార్చుకున్నారు. నేను తీసిన వాటిల్లో నిజంగా పనిచేసిన ఫోటో అదొక్కటే అనుకుంటా.

అలాగే పశువుల మందుల సంగతి తెలుసుకుని పోండి, పల్లెల్లో మాట కలిసినప్పుడు చెప్పొచ్చు. రాబందులు మన దేశంలో దాదాపు తుడిచిపెట్టుకుపోయింది డైక్లోఫెనాక్ వల్ల, నొప్పికి ఆ ఇంజెక్షన్ చేసిన పశువు చనిపోతే దాన్ని తిన్న రాబందు కిడ్నీలు పాడై చచ్చిపోతుంది. 2006లో పశువులకి వాడకూడదన్నారు, 2023లో ఎసిక్లోఫెనాక్, కీటోప్రొఫెన్‌ని కూడా ఆపారు. బదులుగా మెలాక్సికామ్ ఉంది, రాబందుకి ప్రమాదం లేదు. తెలంగాణలో బెజ్జూరు అడవి దగ్గర పాలరాపు గుట్ట మీద 2013లో రాబందుల గూళ్లు కనిపించినప్పుడు ఎంత సంబరపడ్డామో. అలాంటి చోట ఫోటో కన్నా చుట్టుపక్కల మందుల షాపులో ఏం అమ్ముతున్నారో చూడటం ఎక్కువ పని.

దెబ్బ తగిలిన గద్ద దొరికితే, సంక్రాంతికి మాంజా వల్ల ఇది మామూలే, ముందు తల మీద తువ్వాలు కప్పండి, చీకటైతే అది నెమ్మదిస్తుంది. భయపడాల్సింది ముక్కుకి కాదు, గోళ్లకి, రెండు కాళ్లూ కలిపి పట్టుకోండి. చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో పెట్టి అటవీ శాఖకి ఫోన్ చేయండి. నోట్లో నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఇంట్లో పెట్టుకుని సాకుదామనుకోవద్దు, 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం.

మళ్లీ సాయంత్రానికి వద్దాం. పిట్టలన్నీ దిగాయి, వెలుగు పోయింది, మీ మెమొరీ కార్డు నిండింది, ఇక బండి స్టార్ట్ చేసి పోదామనిపిస్తుంది. ఆగండి. చివర్లో వచ్చేవి కొన్ని చీకట్లోనే వస్తాయి, దిగిన వాటిల్లో కొన్ని చోటు నచ్చక లేచి మళ్లీ దిగుతుంటాయి. ఇంకో ఇరవై నిమిషాలు కూర్చుని, ఫ్లాస్కులో టీ ఉంటే తాగి, గడ్డిలో ఏ కదలికా లేదనుకున్నాక లేవండి. టార్చ్ నేలకే పట్టుకోవాలి, కారు మలుపు తిప్పేటప్పుడు హెడ్‌లైట్ గడ్డి మీద పడకుండా ముందే వెళ్లే వైపు మొహం పెట్టి ఆపుకోవాలి, ఇది కారు ఆపేటప్పుడే గుర్తుండాలి, తర్వాత గుర్తొస్తే లాభం లేదు.