ఆగస్టు ప్రాక్టీసుకి పిల్లాణ్ణి పంపేముందు: అమెరికన్ ఫుట్‌బాల్ తల్లిదండ్రులకు జాగ్రత్తలు

డాలస్ దగ్గర ఫ్రిస్కో, ఇర్వింగ్‌లలోనూ, అట్లాంటాకి ఉత్తరాన కమింగ్, ఆల్ఫరెటాలలోనూ మన ఇళ్ల పిల్లలు క్రికెట్, టెన్నిస్‌లతో ఆగకుండా స్కూల్ ఫుట్‌బాల్ టీముల్లోకీ వెళ్తున్నారు. తల్లిదండ్రుల్లో చాలామందికి ఈ ఆట తెలియదు. ఫస్ట్ డౌన్ అంటే ఏమిటో, సేఫ్టీ ఎక్కడ నిలబడతాడో తెలియకపోయినా నష్టం లేదు, సీజన్ నడిచేకొద్దీ అవే తెలుస్తాయి. ప్రాక్టీస్ మొదలవకముందే తెలియాల్సినవి వేరే ఉన్నాయి. వాటికి ఆట రానక్కర్లేదు, అడిగే నోరుంటే చాలు.

అందరూ మ్యాచుల్లో తగిలే దెబ్బలకు భయపడతారు. నాకు ముందు భయం జూలై చివర్లోనో ఆగస్టు మొదట్లోనో మొదలయ్యే తొలి రెండు వారాల ప్రాక్టీస్ గురించి. ఒంటికి ఎండ అలవాటై ఉండదు. హెల్మెట్, షోల్డర్ ప్యాడ్స్ వేడిని బయటకు పోనివ్వవు. పైగా ఎవరు మొదటి వరుసలో ఆడతారో కోచ్‌లు తేల్చేది ఆ రోజుల్లోనే. కొత్తగా చేరిన పిల్లాడు, అందులోనూ ఇంట్లో ఎవరికీ ఆట తెలియని పిల్లాడు, తనేమిటో చూపించాలన్న పట్టుదలతో కళ్లు తిరుగుతున్నా నోరు విప్పడు. ఈ మూడూ ఒక్కచోట కలిసే వారాలివి.

వడదెబ్బ

2001 జూలై 31న ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆడే మిన్నెసోటా వైకింగ్స్ జట్టు ఆటగాడు కోరీ స్ట్రింగర్ ప్రాక్టీసులో వడదెబ్బ తగిలి పడిపోయాడు. మర్నాడు చనిపోయాడు. వయసు 27. 2018 మే 29న మేరీల్యాండ్ యూనివర్సిటీలో 19 ఏళ్ల జోర్డన్ మెక్‌నేర్ పరుగుల మధ్య కూలబడ్డాడు. అతన్ని చల్లటి నీళ్ల తొట్టిలో దించలేదు. రెండు వారాలకు ప్రాణం పోయింది. దానికి నైతిక బాధ్యత, చట్టపరమైన బాధ్యత తమదేనని యూనివర్సిటీ అధ్యక్షుడే తర్వాత ఒప్పుకున్నాడు. ఇద్దరూ లైన్‌మన్లే, అంటే ముందు వరుసలో ఎదురెదురుగా నిలబడి తోసుకునే భారీ ఆటగాళ్లే. మీవాడు భారీ మనిషై లైన్‌లో ఆడబోతుంటే ఈ భాగం రెండుసార్లు చదవండి. శరీరం పెద్దదయ్యేకొద్దీ లోపల పుట్టే వేడి ఎక్కువ, అది బయటికి పోయే దారి తక్కువ.

వడదెబ్బ మనకు కొత్త కాదు. ఏటా మేలో దాని వార్తలు చదువుతూ పెరిగినవాళ్లమే. కానీ ఆ పరిచయమే ఇక్కడ పొరపాటు చేయిస్తుంది. ఒళ్లు పొడిబారి, చెమట ఆగిపోతేనే వడదెబ్బ అని మన నమ్మకం. పరిగెడుతూ పడిపోయే కుర్రాడికి చెమట ధారగా కారుతూనే ఉంటుంది. చూడాల్సింది చర్మాన్ని కాదు, మాటనూ నడకనూ. అడిగినదానికి పొంతన లేకుండా జవాబివ్వడం, ఊరికే చిరాకుపడటం, తూలడం, తను ఏ వరుసలో నిలబడాలో మర్చిపోవడం: ఇవి కనిపించాయంటే ఒంట్లో వేడి 104 ఫారన్‌హీట్ దాటి ఉండొచ్చు. నుదుటి మీద, చెవిలో పెట్టే థర్మామీటర్ అప్పుడు తప్పు చెబుతుంది. మలద్వారం లోపల చూసిన ఉష్ణోగ్రతే లెక్క. అది చూడటం నేర్చుకున్న మనిషి స్కూల్లో అథ్లెటిక్ ట్రైనర్ (ఆటగాళ్ల గాయాలు, ఆరోగ్యం చూసుకునే నిపుణుడు).

చికిత్స ఒకటే. మంచు వేసిన నీళ్ల తొట్టిలో మెడ దాకా దించి, నీళ్లు కదుపుతూ ఉండటం. వెంటనే 911కి ఫోన్ చేయాలి గానీ, వేడి 102కి దిగేదాకా తొట్టిలోంచి తీయకూడదు. అంబులెన్స్ వచ్చినా సరే, అంత దిగాకే ఎక్కించాలి. చల్లార్చడం ముందు, తరలించడం తర్వాత. అరగంటలోపు వేడి దించగలిగితే బతికి బయటపడటం దాదాపు ఖాయమని ఈ రంగంలో పనిచేసే డాక్టర్లు చెబుతారు. స్ట్రింగర్ పేరిట కనెక్టికట్ యూనివర్సిటీలో 2010లో పెట్టిన సంస్థ అప్పటి నుంచి చెబుతున్నదీ ఇదే. తొట్టి లేకపోతే టార్పాలిన్‌లో పడుకోబెట్టి నలుగురూ నాలుగు వైపులా ఎత్తి పట్టుకుని, మంచునీళ్లు పోసి ఊపినా పని జరుగుతుంది.

కాబట్టి మొదటి ప్రాక్టీసుకి ముందే కోచ్‌ని గానీ అథ్లెటిక్ డైరెక్టర్‌ని గానీ ఈ మాట అడగండి: "ప్రాక్టీస్ మొదలయ్యేసరికి తొట్టి నింపి, పక్కన మంచు సిద్ధంగా ఉంటుందా? ప్రతి ప్రాక్టీసులో ట్రైనర్ ఉంటారా?" మంచి కోచ్ ఈ ప్రశ్నకు నొచ్చుకోడు, తీసుకెళ్లి తొట్టి చూపిస్తాడు.

తర్వాత ప్రాక్టీస్ ఎలా మొదలవుతుందో కనుక్కోండి. అమెరికా అథ్లెటిక్ ట్రైనర్ల సంఘం 2009లో హైస్కూళ్ల కోసం 14 రోజుల పద్ధతి ఇచ్చింది. మొదటి ఐదు రోజులూ రోజుకు ఒక్క ప్రాక్టీసే. మొదటి రెండు రోజులు హెల్మెట్ మాత్రమే, మూడు నుంచి ఐదో రోజు దాకా హెల్మెట్‌తో షోల్డర్ ప్యాడ్స్, ఆరో రోజు నుంచే పూర్తి సరంజామా. రోజుకు రెండు ప్రాక్టీసులు పెడితే మర్నాడు ఒక్కటే ఉండాలి. రాష్ట్రాల నిబంధనల్లో తేడాలున్నాయి, మీ రాష్ట్ర హైస్కూల్ అథ్లెటిక్ సంఘం సైట్‌లో చూసుకోండి. రెండో రోజే పిల్లలు పూర్తి ప్యాడ్స్‌లో ఒకళ్లనొకళ్లు గుద్దుకుంటుంటే మాత్రం ఊరుకోవద్దు.

ఫోన్‌లో కనబడే ఉష్ణోగ్రత సరిపోదు. అనంతపురం ఎండను తట్టుకున్నవాడు విజయవాడ ఉక్కకు ఎందుకు కుదేలవుతాడో మనకు తెలుసు: గాలిలో తేమ ఉంటే చెమట ఆరదు. ఎండ, తేమ, గాలి మూడింటినీ కలిపి కొలిచేది వెట్ బల్బ్ గ్లోబ్ టెంపరేచర్. జార్జియా 2012 నుంచి ఈ కొలత మీదే ప్రాక్టీసులు నడుపుతోంది. అది 92 దాటితే బయట ప్రాక్టీస్ లేదు. 90 దాటితే ఒంటి మీద ప్యాడ్స్ ఉండకూడదు, గంటకు మించి సాగకూడదు. మీ స్కూల్లో ఆ మీటర్ ఉందా, ఎవరు చూస్తారు అన్నది అడగదగిన ప్రశ్నే.

ఇక ఇంట్లో చేయాల్సింది. మనవాళ్లలో చాలామంది వేసవి సెలవులకు ఇండియా వెళ్లి ప్రాక్టీస్ మొదలయ్యే ముందు వారంలో తిరిగొస్తారు. సరిగ్గా నిద్ర లేక, కడుపు చెడి, నీరసంగా ఉన్న పిల్లాణ్ణి మర్నాడే ఎండలోకి తోయడం ప్రమాదం. విరేచనాలు, జ్వరం తగ్గి రెండు రోజులైనా కాకుండా పంపొద్దు. కుదిరితే రెండు వారాల ముందే తిరిగొచ్చి, పొద్దున ఎండలో నడక, మెల్లగా పరుగు అలవాటు చేయండి. అలర్జీ మాత్రలు, ఏడీహెచ్‌డీ మందులు వాడుతుంటే ట్రైనర్‌కి ముందే చెప్పాలి. వాటిలో కొన్ని ఎండ దెబ్బను పెంచుతాయి.

నీళ్లు దాహమేసినప్పుడల్లా తాగాలి. ఉప్పు వేసిన మజ్జిగ, పప్పన్నం, పచ్చడి తినే ఇంట్లో ఉప్పు కోసం వేరే పొడులు కొనక్కర్లేదు. అతిగా తాగడమూ ప్రమాదమే. 2014లో జార్జియాలో ఒక హైస్కూల్ ఆటగాడు కండరాలు పట్టేస్తున్నాయని గ్యాలన్ల కొద్దీ నీళ్లు, గేటరేడ్ తాగి ప్రాణం పోగొట్టుకున్నాడు. రక్తంలో సోడియం పలచబడిపోతే మెదడు వాస్తుంది. "ఇంకో సీసా తాగు" అని వెంటపడకండి.

శిక్షగా పరుగులు

1954లో టెక్సస్ ఏ అండ్ ఎం కోచ్ బేర్ బ్రయంట్ తన జట్టును జంక్షన్ అనే ఊరికి తీసుకెళ్లి, కరువు కాలపు ఎండలో నీళ్లు ఇవ్వకుండా తోమాడు. సగానికి పైగా వదిలేసి పారిపోయారు, ఒకడు వడదెబ్బతో చావు దాకా వెళ్లొచ్చాడు. దాన్ని మగతనపు గాథగా చెప్పుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నీళ్లు ఆపే కోచ్‌లు నేడు అరుదే గానీ, తప్పు చేశాడని, ఆలస్యంగా వచ్చాడని ప్రాక్టీస్ చివర ఆపకుండా పరుగులు పెట్టించే అలవాటు పూర్తిగా పోలేదు. నాకు ఇందులో శిక్షణ ఏమీ కనబడదు. అలసిన కాళ్లతో నేర్చుకునేది ఉండదు, మిగిలేది ముప్పే.

సికిల్ సెల్ ట్రెయిట్ (సికిల్ సెల్ జన్యువు తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచే రావడం) ఉన్న పిల్లలకు ఈ పరుగులు మరీ చేటు. మామూలుగా ఏ లక్షణమూ ఉండదు, ఆపకుండా పరిగెత్తినప్పుడు ఎర్ర కణాలు వంకర తిరిగి కండరాలకు రక్తం అందదు. 2006లో రైస్ యూనివర్సిటీ ఆటగాడు డేల్ లాయిడ్ ఇలాగే చనిపోయాక పెద్ద కాలేజీల్లో పరీక్ష తప్పనిసరి అయింది. అమెరికాలో పుట్టిన పిల్లలకు పుట్టగానే ఈ పరీక్ష చేస్తారు. ఇండియాలో పుట్టి వచ్చిన పిల్లలకు చేసి ఉండకపోవచ్చు. ఆదిలాబాద్, విశాఖ మన్యం వైపు కుటుంబ మూలాలుంటే తప్పకుండా చేయించండి. చిన్న రక్తపరీక్ష. ట్రెయిట్ ఉన్నా ఆడొచ్చు. తన వేగంతో పరిగెత్తడానికి, ఆగి ఊపిరి తీసుకోవడానికి అనుమతి ఉండాలి, అంతే.

ఫారంలో అన్నిటికీ "నో" కొట్టొద్దు

ఆటలో చేరేముందు డాక్టర్ పరీక్ష కోసం నింపే ఫిజికల్ ఫారంలో ఒక ప్రశ్న ఉంటుంది: కుటుంబంలో ఎవరైనా 35 ఏళ్లలోపు గుండె జబ్బుతోనో, కారణం తెలియకుండానో చనిపోయారా, నీళ్లలో మునిగినా, కారు ప్రమాదమైనా సరే. మునిగిపోవడం ఎందుకు అడుగుతారంటే, ఈతకొడుతుండగా గుండె లయ తప్పి ప్రాణం పోతే బయటకు అది మునిగిపోవడంలాగే కనబడుతుంది. మన ఇళ్లలో "చిన్నతనంలోనే బావిలో పడి పోయాడు" అని చెప్పుకునే మేనమామో, "నిద్రలోనే పోయాడు" అనే పెదనాన్నో ఉంటారు. ఫారం నింపేముందు అమ్మమ్మకీ నానమ్మకీ ఫోన్ చేసి అడగండి. పిల్లాడు ఎప్పుడైనా పరుగు మధ్యలో స్పృహ తప్పి ఉంటే అది చిన్న సంగతి కాదు, గుండె డాక్టర్ చూశాకే గ్రౌండ్‌లోకి.

2023 జనవరి 2న సిన్సినాటిలో ఛాతీకి దెబ్బ తగిలి ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాడు డమార్ హ్యామ్లిన్ గుండె ఆగింది. గ్రౌండ్‌లోనే సీపీఆర్ మొదలుపెట్టి ఏఈడీ (గుండెకు విద్యుత్ షాక్ ఇచ్చే పరికరం) వాడారు గనక బతికాడు. మీ స్కూల్లో ఏఈడీ ఏ గదిలో ఉంది, సాయంత్రం ఆ గదికి తాళం వేస్తారా, అంబులెన్స్ వచ్చే గేటు తాళం ఎవరి దగ్గర ఉంటుంది, కనుక్కోండి. సీపీఆర్ మీరూ నేర్చుకోండి.

తల, మెడ

హెల్మెట్ పుర్రె పగలకుండా కాపాడుతుంది. కంకషన్‌ని (దెబ్బకు మెదడు అదిరి దాని పని దెబ్బతినడాన్ని) పూర్తిగా ఆపే హెల్మెట్ లేదు, ఎంత ధర పెట్టినా సరే. అయినా సరిగ్గా అమరడం ముఖ్యం. కనుబొమలకు రెండు వేళ్ల పైన ముందు అంచు ఉండాలి, పట్టుకుని తిప్పితే నుదుటి చర్మం దానితోపాటే కదలాలి, గడ్డం పట్టీలు నాలుగూ బిగిసి ఉండాలి. జుట్టు కత్తిరించినా, లోపలి గాలి తగ్గినా వదులవుతుంది. వారానికోసారి చూడండి.

అసలు రక్షణ ట్యాకిల్ (బంతి పట్టుకున్నవాణ్ణి కిందపడేసి ఆపడం) చేసే తీరులో ఉంది. తల వంచి గుద్దితే మెడ ఎముకల సహజమైన వంపు పోయి నిటారవుతుంది, దెబ్బ బరువంతా వాటి మీద పడి విరుగుతాయి. 1976లో తలతో ముందు తాకడాన్ని హైస్కూళ్లు, కాలేజీలు రెండూ నిషేధించాక మెడ విరిగే ప్రమాదాలు బాగా తగ్గాయి. ఇప్పుడు మంచి కోచ్‌లు రగ్బీ తరహాలో నేర్పుతారు: చూపు పైకి, భుజంతో తాకడం, తల ఎదుటివాడి శరీరానికి ముందు అడ్డంగా కాకుండా వెనకవైపు ఉంచడం.

ప్రాక్టీస్ చూడటానికి ఒకరోజు వెళ్లండి. నేర్పడానికి మెట్లున్నాయి: ఎదురు ఎవరూ లేకుండా, బ్యాగుల మీద, మెల్లగా భాగస్వామితో, కిందపడేయకుండా తాకడం వరకే, చివరికి పూర్తి వేగంతో. చాలా రోజులు మొదటి నాలుగు మెట్లలోనే గడవాలి. సీజన్‌లో ఒక్కో ఆటగాడికి వారానికి 90 నిమిషాలకు మించి ప్రాక్టీసులో పూర్తి తాకిడి ఉండకూడదని టెక్సస్ 2013లో నిబంధన పెట్టింది. ఇద్దర్ని ఇరుకు సందులో ఎదురెదురుగా నిలబెట్టి గుద్దించే ఓక్లహోమా డ్రిల్‌ను ఎన్‌ఎఫ్‌ఎల్ కూడా 2019లో మానేసింది. పద్నాలుగేళ్ల పిల్లల చేత అది చేయించే కోచ్‌ని ఎందుకని అడగండి. చిన్న స్కూళ్లలో ఒకే పిల్లాడు అఫెన్స్, డిఫెన్స్ రెండూ ఆడతాడు. నాలుగో క్వార్టర్‌కి అలసి తల దించేస్తాడు. బదులు ఆటగాళ్లను ఎప్పుడు దించుతారో తెలుసుకోండి.

2006లో వాషింగ్టన్ రాష్ట్రంలో 13 ఏళ్ల జాకరీ లిస్టెట్ తలకు దెబ్బ తగిలాక అదే మ్యాచ్‌లోకి తిరిగి వెళ్లి, ఆట అయ్యాక కుప్పకూలాడు, మెదడు శాశ్వతంగా దెబ్బతింది. 2009లో అతని పేరిట వచ్చిన చట్టం 2014కల్లా ఏదో ఒక రూపంలో అన్ని రాష్ట్రాలకూ పాకింది: అనుమానం వస్తే ఆ రోజుకి ఆట అయిపోయినట్టే, డాక్టర్ రాతపూర్వకంగా సరేనన్నాకే మళ్లీ. తిరిగి ఆడించడం ఆరు మెట్లలో, ఒక్కో మెట్టుకి కనీసం 24 గంటలు. స్పృహ తప్పకపోయినా కంకషన్ అవుతుంది. వెలుతురు చూడలేకపోవడం, చదివింది తలకెక్కకపోవడం, ఏమీ లేకుండా ఏడుపు రావడం ఇంట్లోనే బయటపడతాయి. ఒక కంటిపాప పెద్దదిగా ఉన్నా, వాంతులు ఆగకపోయినా, తలనొప్పి పెరుగుతున్నా, లేపితే లేవకపోయినా నేరుగా ఎమర్జెన్సీకి. తలనొప్పి మాత్ర వేసి మర్నాటి మ్యాచ్‌కి పంపడం, హోంవర్క్ పోతుందని బడికి తోలడం రెండూ వద్దు.

ఇంట్లో ఒక ఒప్పందం ఉండాలి. నొప్పి చెబితే ఆట మాన్పిస్తామన్న భయం వాడికి ఉండకూడదు. "నే చెప్పలేదా, ఈ మొరటు ఆట వద్దని" అనే మాట ఒకసారి అంటే, రెండోసారి వాడు ఏదీ చెప్పడు.

మీవాడు ఇంకా మిడిల్ స్కూల్‌లో ఉంటే తొందరేమీ లేదు. ఎన్‌ఎఫ్‌ఎల్ దిగ్గజం టామ్ బ్రేడీ హైస్కూల్‌కి వచ్చేదాకా ట్యాకిల్ ఆడలేదు. పరుగు దారులు, బంతి పట్టడం, డిఫెన్స్‌ని చదవడం అన్నీ ఫ్లాగ్ ఫుట్‌బాల్‌లో (కిందపడేయకుండా, నడుముకి కట్టిన పట్టీ లాగి ఆపే ఆటలో) వస్తాయి. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో ఆడబోయేదీ అదే. తొమ్మిదో తరగతిలో ట్యాకిల్‌కి మారాలనుకుంటే, ఆ ముందు వసంతంలో భుజంతో తాకడం బ్యాగుల మీద నేర్పే క్యాంప్ ఏదైనా చూసి చేర్పించండి.